కోపానికి కట్టిన గంట

డాక్టర్ బ్రాంట్ ముందు నూకాలును పరిగెత్తించాడు. పాత బెల్లం కొట్టు ఆయన ప్రయోగశాల. ఆ కొట్టు చుట్టూ ఆమె కాళ్ళు తేలిపోయేదాకా పరిగెత్తించి, ఎడమచేతికి బిగించిన ఇత్తడి కడియానికి చెవి ఆనించి విన్నాడు. మోగలేదు. తలను నీళ్ళతొట్టిలో ముంచి, ఊపిరాడక గిలగిల కొట్టుకునేదాకా పట్టుకున్నాడు. మోగలేదు. కుక్కను వదిలాడు. భయంతో ఆమె గోడెక్కబోయింది గానీ కడియం మాత్రం మోగలేదు. అప్పుడాయన తృప్తిగా తలాడించి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె కూతురు బంగారిని పిలిచి, తల్లి చూస్తుండగా ఆ పిల్ల చెంప మీద లాగి కొట్టాడు.

కడియంలో గంట గణగణ మోగింది.

"భయం వద్దు. ఏడుపు వద్దు. నాకు కోపం ఒక్కటే కావాలి," అన్నాడు డాక్టరు నవ్వుతూ. భీమునిపట్నంలో కంపెనీ గిడ్డంగి దగ్గర మనుషుల్ని కొంటూ నేర్చుకున్న తెలుగు అది. మమ్మల్ని కొన్నదీ అక్కడే. కరువులో గింజల కోసం మమ్మల్ని మేమే అమ్ముకున్నామని వాళ్ళు చెప్పుకుంటారు. గింజలు ఎవరి గిడ్డంగిలో ఉన్నాయో మాత్రం చెప్పరు. కొని, ఓడలో కుక్కి, సముద్రం మధ్యలో ఈ చెరకు దీవిలో దింపారు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు మాకు నోరు తిరగదు. నిప్పులు కక్కి చల్లారిన కొండ ఒకటి నడిమధ్యన ఉంది కాబట్టి మేం కాలినకొండ అనేవాళ్ళం.

డాక్టరు పనితనమంతా ఆ కొండలోంచి వచ్చిందే. అక్కడ దొరికే నల్లరాయిని పలచగా రేకులా కోసి మణికట్టు నాడికి ఆనిస్తే, కోపంతో పొంగిన నెత్తురు దాటినప్పుడు మాత్రం అది వణుకుతుంది. ఆ వణుకు ఒక చిన్న సుత్తిని కదుపుతుంది, సుత్తి గంటను కొడుతుంది. రాయి ఎందుకు వణుకుతుందో ఆయనకీ తెలియదు. ఆయనకు తెలియాల్సిందల్లా ఒక్కటే. బానిస భయపడితే తోటకు మేలు, ఏడిస్తే ఎవరికీ నష్టం లేదు, కోపం వస్తేనే గానుగలు తగలబడతాయి. ఆ కోపం చేతిదాకా రాకముందే పట్టుకోవాలి.

*

నెల తిరక్కుండా లైనంతటికీ కడియాలు వచ్చాయి. లైనంటే మేముండే పాకల వరస. కొలిమి దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికీ బిగించి మేకు కొట్టారు. గంట మోగితే కాపలావాడు కారణం అడగడు, కొరడా తీస్తాడు. దాంతో కోపం రాకముందే దాన్ని దిగమింగడం నేర్చుకున్నాం. అలా మింగింది కడుపులో ఊరుకోదు. అన్నం సయించేది కాదు, పిల్లలు దగ్గరికొస్తే విసుక్కునే ఓపిక కూడా ఉండేది కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే సిగ్గేసేది.

దారి చూపింది అసిరి. నూకాలుకు ఆడపడుచు, అంటే నూకాలు మొగుడు పైడయ్యకు చెల్లెలు. పైడయ్యను దీవిలో దిగిన రోజే వేరే తోటకు అమ్మేశారు. అప్పటినుంచి వదినా ఆడపడుచులు బంగారిని మధ్యలో పెట్టుకుని ఒకే కుండలో వండుకు తింటున్నారు. ఓడ ఎక్కినప్పుడు ఇద్దరి చంకల్లోనూ చంటిబిడ్డలే. దారిలో అసిరికి పాలు ఎండిపోతే, నూకాలు తన పాలే ఇద్దరికీ పంచింది. అయినా జ్వరం తగిలి అసిరి బిడ్డ పోయింది. బంగారి బతికింది. ఇద్దరు తల్లులకూ ఆ ఒక్క పిల్లే మిగిలింది.

"ఒదినా, ఇది కోపమొస్తే మోగతాది, సరే. ఎవుల మీద కోపమో దీనికేటి తెలుసు?" అంది అసిరి ఒకరోజు చెరకు నరుకుతూ.

"తెల్దు. అయితే?"

"అయితే మనలో మనం దెబ్బలాడుకుందుం. పొద్దస్తమానూ మోగుతుంటే ఎన్నిసార్లు పరిగెత్తుకొస్తారో సూద్దుం."

మాకు భలే నచ్చింది. కానీ మొదటిసారి మావాళ్ళు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నూకాలు, అసిరి నడుం బిగించి లైను ముందు ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఓలె అసిరీ, అదేటి నడకే? గానుగెద్దు నయం!"

"గానుగెద్దు తిన్నదానికి పనైనా సేస్తాది. నువ్వు తినీసి తొంగుంటావు!"

"మీ అన్న నన్ను సూసి మూర్సపోనాడే!"

"నీ ముక్కు సూసుంటాడు!"

లైనంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఒక్క గంటా మోగలేదు. పెళ్ళిళ్ళలో వదినా ఆడపడుచులు ఆడుకునే వేళాకోళాన్ని జగడమనుకున్నారు ఈ మహాతల్లులు. ప్రేమగా తిడితే రాయి వణకదని అప్పుడు తెలిసింది.

మర్నాడు నీళ్ళ దగ్గర గవిరమ్మ కుండను ఎవరో వెనక్కి నెట్టారు. గవిరమ్మ నిజంగానే మండిపడింది. గంట మోగింది, అవతలిదాని గంటా మోగింది. అప్పుడు పట్టుబడింది కిటుకు. కోపం నిజమైనదే కావాలి. ఇక చూడండి. కురవని చూరు కింద చోటు ఎవరిది, కుండ అడుగు మాడు ఎవరు గీక్కుతిన్నారు, ఎవరి చీర ఎవరు తొక్కారు, అన్నీ బయటికి లాగాం. దుమ్మెత్తి పోసుకున్నాం. నీ ఇల్లు కూలా, నీ నోట మన్ను పడా అని శాపనార్థాలు పెట్టుకున్నాం. గంటలు మోగేవి, కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చి కొరడాలు ఝళిపించేవాళ్ళు, అటు తిరిగేలోపు ఇంకో పాకలో మోగేవి. కొన్నాళ్ళకు వాళ్ళ చేతులు నొప్పెట్టాయి. "ఈ తెలుగు జనం కుక్కల్లా కొట్టుకు చస్తారు," అని తోట మేస్త్రీ ఉమ్మేసి, గంట మోగినా లేవడం మానేశాడు.

ఆ మోతలో మా పనులు మేం చేసుకున్నాం. గానుగ ఇరుసులో ఇసుక పోశాం. కాలినకొండ అడవిలో ఇదివరకే పారిపోయిన మనవాళ్ళున్నారు, వాళ్ళకు బియ్యం చేరేశాం. ఇద్దరు మగవాళ్ళను వాళ్ళలోకి పంపేశాం.

సాయంత్రం జగడమాడిన ఆడవాళ్ళు ఒక చుట్ట వెలిగించి చెరో దమ్ము లాగి, ఆ రోజు మాట ఆ రోజుకి సరి అనుకునేవాళ్ళు. ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. ఏమైనా అనుకోవచ్చు గానీ ఓడ మాట ఎత్తకూడదు. ఆ ఓడ అడుగున బిడ్డను పోగొట్టుకోని ఇల్లు లైనులో లేదు. అయినా రోజులు గడిచేకొద్దీ చుట్ట అందుకోని చేతులు ఎక్కువయ్యాయి. గవిరమ్మ సొంత చెల్లెలితోనే మాటలు మానేసింది. నిజమైన కోపాన్ని రోజూ తవ్వి తీస్తే చేతికి అంటకుండా ఉంటుందా?

*

తోట దొర డాక్టరును పిలిచి గడ్డిపెట్టాడు. నీ గంటల వల్ల నిద్రలేదు, లాభమూ లేదు అన్నాడట. డాక్టరు మళ్ళీ బెల్లం కొట్టులో దూరాడు. ఈసారి రాయిని మందంగా కోశాడు. రాయి మందమయ్యేకొద్దీ అది వణకడానికి పెద్ద కోపం కావాలి. చూరు కింద చోటు కోసం వచ్చే కోపం దానికి చాలదు. ఎదుటి మనిషిని చంపేయాలన్నంత కోపం రావాలి.

అందరి కడియాల్లోనూ రాళ్ళు మార్చారు. కొత్త ఆజ్ఞ కూడా వేశారు. ఇకమీద ఒక్క గంట మోగినా అది తిరుగుబాటే. ఎక్కడి కాపలావాళ్ళు అక్కడ పని వదిలి తుపాకులతో అక్కడికి పరిగెత్తాలి. లైను మూగబోయింది. మా జగడాలన్నీ మందపు రాయికి ఆనలేదు. ఇంతకాలం తిట్టుకున్న తిట్లు మాత్రం మాలో మాకు మిగిలాయి.

మందపు రాయిని కూడా మోగించింది ఒక్క బంగారే.

డాక్టరు నూకాలును మళ్ళీ కొట్టుకు పిలిపించి, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మేస్త్రీ చేత కొరడాతో కొట్టించాడు. పిల్ల పళ్ళు బిగించి నిలబడింది. కన్నీరు కూడా రాలేదు. చేతి గంట మాత్రం ఆగకుండా మోగింది. డాక్టరు కళ్ళు మెరిశాయి.

"ఈ పిల్ల కోపం చాలా మంచిది. మా దేశంలో కంపెనీ పెద్దలు చూడాలి. ఓడ వచ్చినప్పుడు నాతో వస్తుంది," అన్నాడు.

"సూసి ఏటి సేత్తారు బాబూ?" అడిగింది నూకాలు నేల మీదినుంచే.

"ప్రతి ఊళ్ళో నేను ఆమెకు కోపం తెప్పిస్తాను. వాళ్ళు వింటారు."

అంటే ఊరూరా ఆ పిల్లను కొడతాడు, అవమానిస్తాడు, నలుగురూ చూసి చప్పట్లు కొడతారు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి గొంతులో దాపరికమైనా లేదు. నూకాలు ఇంటికొచ్చి అసిరి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అసిరి ఏడవలేదు. "ఓడ రాకముందే మన బంగారి గుంటని కొండెక్కించీయాల," అంది.

కొండ దారికి ఒక్కటే గేటు. దాని పక్కనే మేస్త్రీ బల్ల. తల్లిని కొట్టిన ఆ మనిషిని చూస్తే చాలు, బంగారి గంట మోగుతుంది. గుడ్డ చుట్టి చూశాం, మట్టి మెత్తి చూశాం. మోత కాస్త తగ్గిందేగానీ ఆగలేదు. అందుకని గేటు దగ్గర ఎవరూ లేకుండా చేయాలి. అలా జరగాలంటే లైనులో ఒక్క గంటైనా మోగాలి.

"నన్ననీ ఒదినా. నోటికొచ్చిందల్లా అనీ. కోప్పడతాను," అంది అసిరి.

నూకాలు అంది. గొడ్రాలివంది, మొగుణ్ణి మింగినదానివంది, నీ తిండి మేం పెట్టిందే అంది. అసిరి కళ్ళు మూసుకుని పళ్ళు నూరింది, మొహం ఎర్రగా చేసుకుంది, చివరికి పకపకా నవ్వేసింది. "నానేటి సెయ్యనే? గుంట కోసవే అంటన్నావని తెల్సిపోతంది కదా!"

నూకాలు తన కడియాన్నే మోగిద్దామని చూసింది. డాక్టరును తలుచుకుంది, మేస్త్రీని తలుచుకుంది. కూతురు పోతుందన్న భయం ముందు ఇంకేదీ నిలవలేదు. ఆ రాయికి భయం పట్టదు కదా.

ఓడ రేవులోకి వచ్చింది.

*

ఆ మర్నాడు బియ్యం కొలిచే రోజు. సాయంత్రం ఎండలో లైనంతా వాకిట్లో వరస కట్టి ఉంది. బియ్యం కొలిచే పని అసిరిది. పెద్ద ఇనప మానికతో కొలిచి ఒక్కొక్కరి గుడ్డలో పోస్తోంది. బంగారిని కడవ ఇచ్చి గేటు దగ్గరి వాగుకు పంపింది నూకాలు. "కాపలావోళ్ళు ఇటు పరిగెత్తితే నువ్వటు పరిగెత్తు. ఎనక్కి సూడకు," అని చెప్పింది. పిల్ల కళ్ళనిండా ప్రశ్నలతో వెళ్ళింది.

తన వంతు వచ్చాక నూకాలు గుడ్డ పరచలేదు.

"అసిరీ, నీకో మాట సెప్పాల."

"బియ్యం పట్టు ముందు. సెప్పుదువుగాని."

"ఓడలో నీ బిడ్డ జొరంతో సావనేదే."

వరస అంతా ఒక్కసారి కదలడం మానేసింది. అసిరి చేతిలో మానిక ఆగింది.

"ఆకల్తో సచ్చింది. నాకు పాలున్నాయి. బంగారికి సాలవేమోనని దాని నోట్లోంచి లాగీసినాను. దానికీ పాలిచ్చినానని నీకు అబద్దమాడినాను."

"ఏటన్నావు?"

"ఏడిసింది. గొంతు రాక సిన్నగా ఏడిసింది. నాను అటు తిరిగి తొంగున్నాను."

నూకాలు ఈ మాటలు అరిచి చెప్పలేదు. బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే మేం నమ్మాం. ఓడ అడుగున చీకటి, ఎవరు ఎవరికి ఏం పెట్టారో చూసినవాళ్ళు లేరు. నూకాలు మాటే సాక్ష్యం. ఇప్పుడు ఆ సాక్ష్యమే ఇలా తిరగబడింది.

అసిరి గంట మోగింది. అంతకుముందెప్పుడూ అసిరి కోపం మేం చూడలేదు. మానిక ఎత్తి నూకాలు మొహం మీద కొట్టింది. పడిపోతే పైన కూర్చుని మళ్ళీ కొట్టింది. నూకాలు చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. మేం విడదీశామా? లేదు. గవిరమ్మ గంట మోగింది. నా గంట మోగింది. బిడ్డల్ని సముద్రంలో వదిలిన ప్రతి తల్లి గంటా మోగింది. ఇన్నాళ్ళూ దొరలమీద కూడా అంత కోపం రాలేదు మాకు. ఆ పాలు దాచిన మనిషిని అక్కడికక్కడ చంపేయాలనిపించింది. లైనంతా గంటలు మోగుతుంటే నూకాలు చేతి గంట ఒక్కటే ఊరికే ఉంది.

కాపలావాళ్ళు తుపాకులు పట్టుకుని అన్ని దిక్కులనుంచీ పరిగెత్తుకొచ్చారు, గేటు దగ్గరివాళ్ళతో సహా. తుపాకి మడమలతో కుమ్మి మమ్మల్ని చెదరగొట్టి, అసిరిని నూకాలు మీదినుంచి ఈడ్చేసేసరికి పొద్దు గుంకింది. తలలు లెక్కపెడితే బంగారి లేదు. వాగు ఒడ్డున ఖాళీ కడవ దొరికింది.

డాక్టర్ బ్రాంట్ వాకిట్లో నిలబడి తన భాషలో కేకలు పెట్టాడు. చేతిలో నమూనా కడియం ఒకటుంది. కోపంలో దాన్ని మణికట్టుకు ఎంత గట్టిగా అదుముకున్నాడో, అది గణగణా మోగడం మొదలుపెట్టింది. కాపలావాళ్ళు ఆజ్ఞ ప్రకారం ఆయనవైపు తిరిగారు. ఆయన దాన్ని నేలకేసి కొట్టాడు. చెప్పుకోవడానికి నవ్వులాటగానే ఉంటుంది గానీ ఆ పూట మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

*

నూకాలు బతికింది. ఒక కన్ను పోయింది. అసిరి తన కుండ తీసుకుని లైను ఆ చివరకు మారిపోయింది. నూకాలు నీళ్ళకొస్తే మేం కుండలు వెనక్కి తీసుకునేవాళ్ళం. మొదటి రాత్రి గడిచాక, బంగారి పారిపోయిందని తెలిశాక, ఆ మాట గేటు కోసమే అని ఉంటుందని మాలో కొందరికి తట్టింది.  కానీ పాలు దాచింది నిజమేనా అని గవిరమ్మ మొహంమీదే అడిగితే, నూకాలు "నిజవే," అని పక్కకు పోయింది.

ఎందుకలా అందో తర్వాత అర్థమైంది. ఆమె కనబడితే చాలు, ఎవరో ఒకరి గంట మోగేది. కాపలావాళ్ళు తుపాకులతో ఇటు పరిగెత్తేవాళ్ళు. అటునుంచి ఎవరో ఒకరు కొండెక్కేవాళ్ళు. కావాలనే ఆమె బియ్యం వరసలో, నీళ్ళ దగ్గర, చెరకు మోపుల దగ్గర మా మధ్యకు వచ్చి నిలబడేది. మేం ఉమ్మేస్తే తుడుచుకునేది. మందపు రాయి మోగాలంటే మా అందరికీ ఆమెమీద పగ ఉండాలి. ఆ పగ చల్లారకుండా ఆమే కాపాడింది.

తర్వాతి ఓడలో కంపెనీ పెద్దలే వచ్చి, దిగి చూశారు. బానిసలు దొరలమీద కోపంతో కాదు, ఒక ఒంటికన్ను ఆడదాని మీద కోపంతో గంటలు మోగిస్తుంటే, ఇదేం యంత్రమని మొహాలు చూసుకున్నారు. డాక్టర్ బ్రాంట్‌ను అదే ఓడలో వెనక్కి తీసుకుపోయారు. మళ్ళీ కొలిమి వెలిగించి, మేకులు తెంచి కడియాలన్నీ ఊడదీశారు. కొండమీద బంగారి చేతి కడియం కూడా అక్కడి కమ్మరి తెంచేశాడని వాగు దగ్గర కబురందింది. పిల్ల క్షేమంగా ఉందట.

చెయ్యి తేలికైన రోజు సాయంత్రం నూకాలు లైను ఆ చివరకు వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. అసిరి పొయ్యి ముందు కూర్చుని ఉంది. నూకాలు కాస్త దూరంలోనే కూలబడింది.

"అసిరీ, అబద్దమాడినానే. నీ బిడ్డకి ఆకరి దాకా పాలిచ్చినాను. అది నా రొమ్ము మీదే పోనాది. పోలమ్మ తోడు."

"తెలుసొదినా," అంది అసిరి. "గుంట కనపడనేదని తెల్సినప్పుడే తెలిసిపోనాది. ఆ దినం నుంచీ నీ మీద నాకు కోపం నేదు."

నూకాలు ఏడుస్తూ ముందుకు జరిగింది. "మరి రాయే. ఇంటికి రా. ఇద్దరం ఒక్క కుండలో వండుకుందుం."

అసిరి పొయ్యిలో పుల్ల లోపలికి తోసింది. 

"ఇన్నేళ్ళూ నా బిడ్డ కడుపు నిండి సచ్చిపోనాదని అనుకుని తొంగున్నానొదినా. ఇప్పుడు నిన్ను సూస్తే సాలు, ఆకల్తో ఏడస్తంది. సిన్నగా, గొంతు రాక. అబద్దమని నాకు తెలుసు. దానికెవులు సెప్తారు?"

 అసిరి కుండ దించి, తన అన్నం తనే వడ్డించుకుని, నూకాలుకు ఎదురుగా కాకుండా అటు తిరిగి కూర్చుని తినసాగింది.